కారు ‘టోటల్‌ లాస్‌’ అన్నారా? ఆర్సీ సంగతి తేల్చాకే సంతకం పెట్టండి

2022 జులైలో గోదావరి పోటెత్తినప్పుడు మంచిర్యాలలో పలు కాలనీలు నీట మునిగాయి. అలాంటి వరదలోనో, బొగ్గు లారీలు తిరిగే రోడ్డుపై ప్రమాదంలోనో రామకృష్ణాపూర్‌లోని మీ కారు దెబ్బతిందనుకోండి. షెడ్డుకు చేర్చిన కొన్ని రోజులకు ఫోన్‌ వస్తుంది: ‘‘సర్‌, మీ బండి టోటల్‌ లాస్‌ కింద వెళ్తోంది, సంతకాలు కావాలి.’’ డబ్బులు ఎంతొస్తాయన్నదే అందరూ అడుగుతారు. ఆర్సీ ఎవరి పేరున ఉంటుందన్నది మాత్రం చాలామంది అడగరు. అసలు చిక్కు అక్కడే.

టోటల్‌ లాస్‌ అని ఎప్పుడంటారు?

పాలసీలో ఐడీవీ అని ఒక అంకె ఉంటుంది. కంపెనీ మీ కారుకు కట్టిన విలువ అది. కారు వయసు పెరిగేకొద్దీ ఇది తగ్గుతుంది. ఏడాది నుంచి రెండేళ్లలోపు కారుకు 20%, నాలుగు నుంచి ఐదేళ్లలోపు కారుకు 50% తరుగు తీస్తారు. రిపేరు ఖర్చు ఐడీవీలో 75% దాటితే ‘కన్‌స్ట్రక్టివ్‌ టోటల్‌ లాస్‌’గా లెక్కిస్తారు. ఐడీవీ రూ.5 లక్షలైతే ఈ గీత రూ.3.75 లక్షలు. ఖర్చును సర్వేయర్‌ అంచనా వేస్తారు. ఆ నివేదిక కాపీ అడిగి తీసుకోండి.

నీళ్లలో ఉన్న కారును స్టార్ట్‌ చేయడం వల్ల ఇంజిన్‌ పాడైతే మామూలు పాలసీలో క్లెయిమ్‌ కష్టం. దానికి ఇంజిన్‌ ప్రొటెక్ట్‌ కవర్‌ ఉండాలి.

చేతికి ఎంత వస్తుంది?

రెండు దారులుంటాయి. శిథిలాన్ని కంపెనీకి అప్పగిస్తే ఐడీవీలోంచి తప్పనిసరి కోత మాత్రమే పోతుంది. 1500 సీసీ వరకు కార్లకు ఇది రూ.1,000. శిథిలాన్ని మీరే ఉంచుకుంటే దాని ధరనూ తగ్గిస్తారు. పై ఉదాహరణలో శిథిలం ధర రూ.1.5 లక్షలైతే మీకొచ్చేది రూ.3.49 లక్షలు. కారుపై లోన్‌ ఉంటే ముందు బ్యాంకు బాకీ తీరాలి.

ఆర్సీ మీ పేరునే ఉండిపోతే?

శిథిలం కొన్నవారు దాన్ని బాగుచేయించి రోడ్డెక్కించవచ్చు. ఆ బండి ఎవరినైనా గుద్దితే? రికార్డుల్లో ఎవరి పేరుంటే చట్టం దృష్టిలో వారే యజమాని అని 2018లో నవీన్‌ కుమార్‌ కేసులో సుప్రీంకోర్టు తేల్చింది. బండి అమ్మేసినా ఆర్సీ మారకపోతే పరిహారం భారం పాత యజమానిపైనే పడుతుంది. తుక్కు కార్ల ఆర్సీలు, ఛాసిస్‌ నంబర్లతో దొంగ కార్లను అమ్మే ముఠాలనూ పోలీసులు పట్టుకున్నారు.

మీరు చేయాల్సింది

- బండి ఇక పనికిరాదని తేలితే 14 రోజుల్లో, లేదా వీలైనంత త్వరగా రవాణా శాఖకు తెలపాలి. ఆర్సీ కూడా అప్పగించాలి. మోటారు వాహన చట్టం సెక్షన్‌ 55 ప్రకారం ఇది యజమాని బాధ్యత. రామకృష్ణాపూర్‌ వాసులు మంచిర్యాల రవాణా కార్యాలయానికి వెళ్లాలి.
- ఆర్సీతో సహా అమ్ముతుంటే ఫారం 29, 30లపై కొనేవారి వివరాలు నింపాకే సంతకం చేయండి. ఖాళీ ఫారాలపై వద్దు.
- బండి అప్పగించిన తేదీ, సమయంతో రసీదు తీసుకోండి.
- పేరు మారిందో, రద్దయిందో ఎం పరివాహన్‌ యాప్‌లో మీరే చూసుకోండి.

సెకండ్‌ హ్యాండ్‌ కొనేవారికి..

బ్రిటన్‌లో ఇలాంటి కార్లకు ఏ, బీ, ఎస్‌, ఎన్‌ అని నాలుగు తరగతులున్నాయి. ‘ఏ’ అయితే మొత్తం తుక్కే. ‘బీ’లో విడిభాగాలు వాడుకోవచ్చు, బాడీని నలిపేయాలి. ‘ఎస్‌’ అంటే నిర్మాణం దెబ్బతిన్నా బాగుచేయదగ్గది, ‘ఎన్‌’ అంటే నిర్మాణానికి దెబ్బ తగలనిది. మన దగ్గర ఈ తరగతులు లేవు. అందుకే బేరానికి ముందు పాత పాలసీ, క్లెయిమ్‌ వివరాలు, సర్వీస్‌ రికార్డు అడగండి. సీట్ల కింద తుప్పు, బురద వాసన ఉన్నాయేమో చూడండి.

లెక్క నచ్చకపోతే?

ముందు కంపెనీకి రాతపూర్వకంగా ఫిర్యాదు చేయండి. 30 రోజుల్లో పరిష్కారం రాకపోతే హైదరాబాద్‌లోని బీమా అంబుడ్స్‌మన్‌ను ఆశ్రయించవచ్చు. రూ.50 లక్షల వరకు వివాదాలను అక్కడ విచారిస్తారు. ఫీజు లేదు, లాయర్‌ అక్కర్లేదు.