లండన్‌లో ఇల్లా? ముందు మూడుంబావు లెక్క చూసుకోండి

ఆఫర్ లెటర్ వచ్చేసింది. వీసాలూ వచ్చేశాయి. హైదరాబాద్‌లో ఫ్లాట్ ఎప్పుడు ఖాళీ చేస్తారో ఓనర్‌కి చెప్పేశారు కూడా. ఇక మిగిలింది ఒక్కటే... లండన్‌లో ఎక్కడుండాలి? ఆ మాట వాట్సాప్ గ్రూపులో అడగడం ఆలస్యం, సలహాలు వచ్చి పడతాయి. హౌన్‌స్లోలో మనవాళ్లు ఎక్కువ అని ఒకరు. స్లౌలో అద్దె కాస్త తక్కువ అని ఇంకొకరు. రెడింగ్‌లో అదే డబ్బుకి పెద్ద ఇల్లొస్తుందని మరొకరు (స్పెల్లింగ్ చూస్తే ‘రీడింగ్’ అనాలనిపిస్తుంది, అక్కడ అలా అంటే నవ్వుతారు). ఈస్ట్‌హామ్ అయితే కరివేపాకు నుంచి గోంగూర దాకా దొరుకుతుందని ఇంకెవరో.

అవన్నీ నిజాలే. కాకపోతే ఆ సలహాలిచ్చేవాళ్లలో చాలామంది ఒంటరిగా వెళ్లి, ముగ్గురు ఫ్రెండ్స్‌తో రూమ్ పంచుకున్నవాళ్లు. వాళ్లకి రెండే లెక్కలు: అద్దె ఎంత, ఆఫీసుకి ఎంతసేపు. అయిదేళ్ల పాపతో, రెండేళ్ల బాబుతో దిగేవాళ్లకి ఆ రెండూ చాలవు.

అక్కడ ప్రైమరీ స్కూళ్లు పొద్దున తొమ్మిదికి కాస్త అటూ ఇటూగా మొదలై, మధ్యాహ్నం మూడు, మూడుంబావుకల్లా అయిపోతాయి. మామూలు గవర్నమెంట్ ప్రైమరీ స్కూలుకి మన దగ్గరలా పచ్చ బస్సు ఇంటి ముందుకొచ్చి ఆగదు. ఆటో లేదు. ఆయా లేదు. ‘కాస్త పాపని చూస్తుండండి ఆంటీ’ అనడానికి ఎదురు ఫ్లాట్ ఆంటీ లేదు. చిన్న క్లాసుల పిల్లల్ని, ముందే పేరిచ్చిన పెద్దవాళ్లెవరైనా గేటు దగ్గరికి వస్తేనే టీచర్ పంపిస్తుంది.

మరి మూడుంబావుకి ఆ గేటు దగ్గర ఎవరుంటారు? ఇంటి వేట ఈ ప్రశ్నతోనే మొదలవ్వాలి.

ఐటీ ఉద్యోగం అయితే ఆఫీసుకి వారానికి రెండు మూడు రోజులు వెళ్తే చాలనే కంపెనీలు చాలానే ఉన్నాయి. స్కూలు మాత్రం అయిదు రోజులూ. దింపి రావడం, తీసుకురావడం కలిపి రోజుకి నాలుగు నడకలు, వారానికి ఇరవై. స్కూలు ఇరవై నిమిషాల దూరమైతే వారానికి ఆరు గంటల నలభై నిమిషాలు రోడ్డు మీదే. అదీ రెండేళ్లవాణ్ని పుష్‌చైర్‌లో కూర్చోబెట్టుకుని, తుంపర్లో. ఆఫీసుకి పావుగంట ఎక్కువైనా సర్దుకోవచ్చు కానీ ఈ నడకతో సర్దుకోవడం కష్టం.

అడ్రస్ ముందా, సీటు ముందా?

హైదరాబాద్‌లో ముందు స్కూలు చూసుకుంటాం. ఎంత దూరమైనా బస్సుంది కదా అనే ధైర్యం. ఇంగ్లండ్‌లో స్టేట్ స్కూళ్లకి ఫీజు లేదు, డొనేషన్ లేదు. సీటు దొరకడం చాలావరకు మీరుండే ఇంటిని బట్టే. ఆగస్టు 31 నాటికి నాలుగేళ్లు నిండిన పిల్లలు ఆ సెప్టెంబర్‌లో రిసెప్షన్ క్లాసులో చేరతారు. దానికి జనవరి 15లోపు కౌన్సిల్‌కి అప్లై చేయాలి, ఏ స్కూలో ఏప్రిల్ 16న చెబుతారు. అయిదు నిండితే ఇయర్ 1, ఆరు నిండితే ఇయర్ 2. ‘మావాడు ఇక్కడ యూకేజీయే చదివాడండీ’ అన్నా కుదరదు, పుట్టినరోజును బట్టే క్లాసు.

ఉద్యోగం మీద వెళ్లేవాళ్లు ఆ క్యాలెండర్ ప్రకారం దిగరు కదా. ఏ నవంబర్‌లోనో, ఫిబ్రవరిలోనో దిగుతారు. అప్పుడు పెట్టుకోవాల్సింది ‘ఇన్-ఇయర్’ అప్లికేషన్. అసలు చిక్కు ఇక్కడే. రిసెప్షన్, ఇయర్ 1, ఇయర్ 2 క్లాసుల్లో ఒక టీచర్‌కి 30 మందికి మించకూడదని అక్కడ చట్టం. మినహాయింపులు బాగా తక్కువ. ముప్పై నిండాయంటే ఇల్లు స్కూలు గోడ పక్కనే ఉన్నా వెయిటింగ్ లిస్టే.

చాలామంది మ్యాప్ మీద ఒక గీత ఉంటుందనీ, దాని లోపల అద్దెకి దిగితే సీటు గ్యారంటీ అనీ అనుకుంటారు. చాలా స్కూళ్లకి అలాంటి గీతే ఉండదు. సీట్లకంటే అప్లికేషన్లు ఎక్కువైతే ప్రభుత్వ సంరక్షణలో ఉన్న పిల్లలు, ఇప్పటికే అన్నో అక్కో అక్కడ చదువుతున్నవాళ్లు... ఇలా ఒక వరస ఉంటుంది. ఆ తర్వాతే దూరం. ఆ దూరం కూడా ఏటా మారుతుంది. పోయినేడాది 600 మీటర్ల దాకా సీటొస్తే ఈ ఏడాది 400 దగ్గరే ఆగిపోవచ్చు. ‘మంచి స్కూల్ దగ్గర్లోనే ఉంది సార్’ అన్న ఏజెంట్ మాట అబద్ధం కాదు. అందులో మీ పాపకి సీటుందని మాత్రం ఆయన అనలేదు.

దగ్గర్లో ఖాళీ లేకపోతే కౌన్సిల్ ఖాళీ ఉన్న ఇంకో స్కూలు చూపిస్తుంది. అది రెండు బస్సుల దూరంలో ఉండొచ్చు. ఇద్దరు పిల్లలుంటే చెరో స్కూలూ రావచ్చు. రెండు గేట్లూ తెరుచుకునేది దాదాపు ఒకే టైమ్‌కి.

కాబట్టి ఇల్లు చూశాక స్కూలు వెతకడం కాదు, తిరగేసి చేయండి. మనసులో ఉన్న రెండు మూడు ఏరియాల కౌన్సిళ్ల అడ్మిషన్స్ విభాగానికి ఇండియా నుంచే ఈమెయిల్ పెట్టండి. ‘ఇయర్ 1లో ఇప్పుడు ఏయే స్కూళ్లలో ఖాళీలున్నాయి?’ అన్న ఒక్క ప్రశ్న చాలు. ఆ స్కూళ్ల చుట్టూ ఇల్లు వెతకండి. మీరు దిగేలోపు ఆ సీటు పోవచ్చు కూడా. అందుకే పేరున్న ఒక్క స్కూలు పక్కన ఉండేకంటే, నడిచి వెళ్లే దూరంలో మూడు నాలుగు మామూలు స్కూళ్లున్న వీధి మేలు. గేటుకి కట్టిన ‘అవుట్‌స్టాండింగ్’ బ్యానర్ చూసి మురిసిపోకండి. స్కూళ్లని తనిఖీ చేసే ఆఫ్‌స్టెడ్, అలా ఒక్క ముక్కలో రేటింగ్ ఇవ్వడం 2024 సెప్టెంబర్‌లోనే మానేసింది. ఆ బ్యానర్ అంతకుముందుది.

ఇంకో మాట. ‘స్లౌలో నాలుగు గ్రామర్ స్కూళ్లున్నాయి, అక్కడికే వెళ్లండి’ అంటారు. ఉన్న మాటే. వాటిలో చేరేది పదకొండేళ్ల వయసులో, ఎంట్రన్స్ పరీక్ష రాసి. మీ పాపకి ఇప్పుడు అయిదు. ఎన్నో ఏళ్ల తర్వాతి పరీక్ష కోసం ఈ రోజు అద్దె కట్టడం నా దృష్టిలో తొందరపాటు. అంతకంటే ఈ చిన్న తేడా చూడండి: గ్రేటర్ లండన్ లోపల స్టేట్ ప్రైమరీ పిల్లలందరికీ మధ్యాహ్న భోజనం ఉచితం. హౌన్‌స్లో లండన్ కిందికొస్తుంది, పక్కనే ఉన్న స్లౌ రాదు. అక్కడ ఇయర్ 2 దాకానే అందరికీ ఉచితం.

ఒక్క జీతం మీద అద్దె

వెళ్లగానే ఇద్దరం ఉద్యోగాలు చేస్తాం, కాబట్టి మంచి ఇల్లే తీసుకుందాం అనుకునేవాళ్లు నర్సరీ లెక్క ఒకసారి చూడాలి. స్కిల్డ్ వర్కర్ వీసా మీద వెళ్లినవాళ్ల భార్య గానీ భర్త గానీ ఉద్యోగం చేసుకోవచ్చు, అడ్డేమీ లేదు. కాకపోతే రెండేళ్లవాణ్ని రోజంతా నర్సరీలో ఉంచితే ఆ ఫీజు అద్దెతో పోటీ పడుతుంది. ఉద్యోగం చేసే తల్లిదండ్రులకి తొమ్మిది నెలల వయసు నుంచే వారానికి 30 గంటలు ఉచితం అని మీరు వినే ఉంటారు. ఆ పథకం నిజమే. కానీ భార్యాభర్తలిద్దరి వీసాల మీదా ‘నో రికోర్స్ టు పబ్లిక్ ఫండ్స్’ అని ఉంటే అది వర్తించదు. ఇండియా నుంచి వర్క్ వీసా మీద కొత్తగా వెళ్లే దాదాపు అందరి పరిస్థితీ ఇదే. మూడేళ్లు నిండిన తర్వాతి టర్మ్ నుంచి, ఏడాదిలో 38 వారాల పాటు వారానికి 15 గంటలు ఉచితంగా వస్తాయి. వీటికి వీసాతో సంబంధం లేదు.

అందుకే మొదటి ఏడాది అద్దె ఒక్క జీతానికి తగ్గట్టుగానే చూసుకోండి. అద్దె కాక కౌన్సిల్ టాక్స్ ఉంటుంది. ఇంట్లో ఉండేవాళ్లే కట్టాలి, ఓనర్ కాదు. డిపాజిట్‌కి మాత్రం మన బెంగళూరులా లక్షలు పోయక్కర్లేదు. మామూలు అద్దెలకి అయిదు వారాల అద్దెకి మించి తీసుకోకూడదని 2019 నుంచి చట్టం. నెలకి 1,800 పౌండ్లు అనుకుంటే డిపాజిట్ సుమారు 2,075. దానికి మొదటి నెల అద్దె కలిపితే 3,900 దాకా చేతిలో ఉండాలి.

మీ సీనియర్లు చెప్పే ఒక పాత సలహా ఇప్పుడు పనిచేయదు. ‘క్రెడిట్ హిస్టరీ లేకపోతే ఆరు నెలల అద్దె ముందే కట్టేయండి, ఇల్లిచ్చేస్తారు’ అంటారు. కొత్త రెంటర్స్ రైట్స్ యాక్ట్ ప్రకారం 2026 మే 1 నుంచి ఇంగ్లండ్‌లో ఒక నెలకి మించి అడ్వాన్స్ తీసుకోకూడదు. మనలాంటి కొత్తవాళ్లకి ఇది మంచీ, చెడ్డా రెండూ. డబ్బు చూపించి ఒప్పించే దారి మూసుకుపోయింది కాబట్టి ఓనర్లు గ్యారంటర్‌ని అడగొచ్చు. బయల్దేరేముందే కంపెనీ హెచ్‌ఆర్‌తో మాట్లాడి జీతం వివరాలతో లెటర్ తీసుకోండి, గ్యారంటీ ఇస్తారేమో కూడా అడిగేయండి. మంచి ఏంటంటే, ఏడాది ఇరుక్కుపోతామన్న భయం లేదు. రెండు నెలల నోటీసిచ్చి మీరు ఖాళీ చేయొచ్చు. పిల్లలున్నారన్న కారణంతో ఇల్లివ్వమనడమూ కుదరదు.

వీడియో కాల్‌లో చూసి ఇండియా నుంచే ఇల్లు ఖాయం చేసుకోవడం మాత్రం వద్దు. గోడ మూలన తడి మచ్చ, కిటికీ అంచున నల్లటి బూజు కెమెరాలో కనపడవు. చలికాలం ఇంట్లోనే బట్టలారేసి, తలుపులన్నీ మూసుకుని ఉండే ఇళ్లలో ఆ బూజు పిల్లల ఛాతీ మీదికొస్తుంది. కుదిరితే ఉద్యోగం వచ్చినవాళ్లు నాలుగైదు వారాలు ముందు వెళ్లి, ఇల్లు తీసుకుని, ఆ అగ్రిమెంట్‌తో స్కూలుకి అప్లై చేశాక మిగతావాళ్లు రావడం మంచిది. అందరూ కలిసి దిగితే, ఎయిర్‌బీఎన్‌బీ అడ్రస్‌ని చాలా కౌన్సిళ్లు ఒప్పుకోవు. పాప వారాల తరబడి ఇంట్లోనే కూర్చోవాల్సొస్తుంది. ఆ నెలరోజుల ఎడబాటు కష్టమే, కాదనను.

నాలుగింటికే చీకటి

డిసెంబర్‌లో లండన్‌లో నాలుగు కూడా కాకముందే పొద్దుగూకుతుంది. పాప స్కూలు నుంచి వచ్చి బూట్లు విప్పేలోపే చీకటి. ఇంట్లో ఉండేది ఆవిడైనా ఆయనైనా, ఆ మొదటి చలికాలాన్ని ఈదాల్సింది వాళ్లే. నడిచి వెళ్లే దూరంలో పార్కు, జీపీ క్లినిక్, సూపర్‌మార్కెట్, లైబ్రరీ ఉన్నాయా అని చూడాలి. చిన్న పిల్లలకి పాటలు, కథలు ఉచితంగా చెప్పే లైబ్రరీలు చాలా ఉన్నాయి. కొత్త ఊళ్లో మొదటి స్నేహాలు దొరికేది ఎక్కువగా అక్కడే. కారుంది కదా అనుకోవద్దు. మన లైసెన్సు అక్కడ 12 నెలలే చెల్లుతుంది, కొత్తవాళ్లకి ఇన్సూరెన్స్ వాచిపోతుంది. లిఫ్టు లేని ట్యూబ్ స్టేషన్లు చాలా ఉన్నాయి. పుష్‌చైర్‌తో మెట్లెక్కినవాళ్లకే తెలుస్తుంది ఆ బాధ.

రెడింగ్ నుంచి పాడింగ్టన్‌కి ఫాస్ట్ ట్రైన్‌లో అరగంట లోపే. 2022లో మొదలైన ఎలిజబెత్ లైన్‌లో అయితే గంట దాకా పడుతుంది. వారానికి రెండు రోజుల ఆఫీసుకైతే ఇది బేరమే. అయిదు రోజులూ వెళ్లాలంటే ట్రైన్ టికెట్టే ఇంకో అద్దెలా తయారవుతుంది.

మరి ‘మనవాళ్లు’? పక్కనే తెలుగువాళ్లుండాలనుకోవడాన్ని కొందరు వెక్కిరిస్తారు. నేను వెక్కిరించను. స్కూల్ ఫారంలో ఎమర్జెన్సీ కాంటాక్ట్ ఒక్కరు కాదు, ఇంకొకరి పేరూ అడుగుతారు. మొదటి పేరు అమ్మది, రెండోది నాన్నది. పాపకి జ్వరమొచ్చి స్కూలు ఫోన్ చేసిన రోజు ఒకరు ఇంటర్వ్యూలో, ఇంకొకరు ట్రైన్‌లో ఉంటే? ఆ మూడో పేరు రాయడానికి పది నిమిషాల దూరంలో ఒక కుటుంబం ఉండాలి. ఊరినిండా తెలుగువాళ్లు అక్కర్లేదు, ఆ ఒక్క కుటుంబం చాలు. వాళ్లు తెలుగువాళ్లే కానక్కర్లేదు కూడా.

ఇల్లు చూడ్డానికి ఏజెంట్ ఏ పదకొండింటికో రమ్మంటాడు. రెండున్నరకి వస్తామని చెప్పండి. ఇల్లు చూసేసి బయటికొచ్చేసరికి మూడవుతుంది. దగ్గర్లోని స్కూలు దారిలో ఒకసారి నడవండి. తల్లిదండ్రులు నడిచొస్తున్నారా, కార్లలో క్యూ కడుతున్నారా, పిల్లలు రోడ్డు ఎక్కడ దాటుతున్నారు, ఇంటికి చేరడానికి మీకు సరిగ్గా ఎన్ని నిమిషాలు పట్టింది... ఫోన్‌లో టైమర్ పెట్టి చూసుకోండి.