జ్వరమొచ్చినా పనికి రావాల్సిందేనా?
వేతనంతో కూడిన సెలవు ఉంటేనే అంటువ్యాధులకు అడ్డుకట్ట

గుంటూరు: ఒళ్లు కాలిపోతున్నా మాత్ర మింగి వడ్డనకు దిగే హోటల్ కార్మికుడు, దగ్గుతూనే షిఫ్టుకు హాజరయ్యే నూలు మిల్లు కార్మికురాలు, నీరసంతోనే మిర్చి యార్డులో బస్తాలు మోసే హమాలీ... అందరిదీ ఒకటే భయం. పని మానితే ఆ రోజు కూలి పోతుంది. అయితే జబ్బుతో పనికి వచ్చినవారి నుంచి తోటి కార్మికులకు, వినియోగదారులకు కూడా వ్యాధి సోకుతుంది. అందువల్ల వేతనంతో కూడిన అనారోగ్య సెలవు ఒక్క కార్మికుడి సంక్షేమానికే కాక ఊరందరి ఆరోగ్యానికీ సంబంధించిన అంశం.

తొలి రోజులే కీలకం
ఫ్లూ సోకిన వ్యక్తి నుంచి లక్షణాలు కనిపించిన తొలి మూడు, నాలుగు రోజుల్లోనే వ్యాధి ఎక్కువగా వ్యాపిస్తుంది. టైఫాయిడ్, విరేచనాలతో బాధపడేవారు ఆహారం వండినా, వడ్డించినా ముప్పే. క్షయ విషయంలో సరైన చికిత్స ఆరంభమైతే ఇతరులకు సోకే అవకాశం త్వరగా తగ్గుతుంది. కూలి పోతుందని కళ్లె పరీక్షను వాయిదా వేసినకొద్దీ ఆ ముప్పు కొనసాగుతూనే ఉంటుంది.

ఈఎస్‌ఐలో ఏముంది?
ఈఎస్‌ఐ పథకం 1952లో కాన్పూర్, ఢిల్లీలలో ప్రారంభమైంది. 2017 జనవరిలో దీని వేతన పరిమితిని నెలకు రూ.21 వేలకు పెంచారు. 2019 జులై నుంచి యజమాని వాటా 3.25 శాతం, కార్మికుని వాటా 0.75 శాతంగా ఉంది. ఆరు నెలల చందా కాలంలో కనీసం 78 రోజులకు చందా చెల్లించి ఉంటే, జబ్బు పడినప్పుడు సగటు వేతనంలో 70 శాతం చొప్పున ఏడాదికి 91 రోజుల వరకు భృతి లభిస్తుంది. క్షయ వంటి దీర్ఘకాలిక వ్యాధులకు, నిర్ణీత సర్వీసు ఉన్నవారికి 80 శాతం చొప్పున రెండేళ్ల వరకు పొడిగిస్తారు.

రెండు రోజుల వెలితి
అనారోగ్యం మొదలైన తొలి రెండు రోజులకు సాధారణంగా ఈ భృతి రాదు. వ్యాధి ఎక్కువగా వ్యాపించే రోజులూ అవే. ఆ రెండు రోజుల వేతనం యాజమాన్యమే ఇస్తే కార్మికుడు ఇంటిపట్టున ఉంటాడు, మిగతావారు జబ్బు పడకుండా పని సాగుతుంది. ఈఎస్‌ఐ పరిధిలో లేని దుకాణాలు, హోటళ్ల సిబ్బందికి 1988 నాటి దుకాణాలు, సంస్థల చట్టం ప్రకారం ఏడాదికి 12 రోజుల వరకు వేతనంతో అనారోగ్య సెలవు ఉంది. హాజరు పట్టీలో పేరే లేని కార్మికుడు ఈ హక్కును రుజువు చేసుకోవడం కష్టం. మోసిన బస్తాను బట్టి కూలి పొందే హమాలీకి జబ్బు పడితే ఆదాయమే ఉండదు.

అమెరికా అనుభవం
కొవిడ్ వేళ 2020లో అమెరికా ప్రభుత్వం తాత్కాలిక చట్టంతో రెండు వారాల వరకు వేతన సెలవు కల్పించింది. కార్మికులకు కొత్తగా ఈ సదుపాయం దక్కిన రాష్ట్రాల్లో ఒక్కో రాష్ట్రానికి రోజుకు సుమారు 400 కేసుల చొప్పున తగ్గాయని అదే ఏడాది వెలువడిన అధ్యయనం తేల్చింది.

కార్మికులు ఏం చేయాలి?
వేతనం నుంచి ఈఎస్‌ఐ చందా కోత పడుతోందో లేదో చూసుకోవాలి. బీమా నంబరు దగ్గర ఉంచుకోవాలి. జబ్బు చేసిన తొలి రోజే డిస్పెన్సరీకి వెళ్లి వైద్య ధ్రువపత్రం తీసుకోవాలి. సెలవు నిరాకరిస్తే కార్మిక శాఖ అధికారులకు లిఖితపూర్వకంగా ఫిర్యాదు చేయవచ్చు.