పాత్రకు పడిన పాచిక

బల్ల చుట్టూ కూర్చుని మాటలతోనే కథ నడిపే రోల్‌ప్లేయింగ్ ఆటలకు మూలం 1974లో అమెరికాలో వెలువడిన ‘డంజన్స్ అండ్ డ్రాగన్స్’. గ్యారీ గైగాక్స్, డేవ్ ఆర్నెసన్ దీని సృష్టికర్తలు. ఆడేవారిలో ఒకరు ‘డంజన్ మాస్టర్’గా కథాలోకాన్ని వర్ణిస్తూ నిర్ణేతగా వ్యవహరిస్తే, మిగిలినవారు తలా ఒక పాత్రను చేపట్టి, ఆ పాత్ర ఏ సందర్భంలో ఏం చేస్తుందో చెబుతారు. ప్రతి పాత్రకూ ఒక కాగితం, దాని మీద ఆరు అంకెలు ఉంటాయి. స్ట్రెంగ్త్ కండబలాన్నీ, డెక్స్టెరిటీ ఒంటి చురుకునూ, కాన్‌స్టిట్యూషన్ దెబ్బలకూ జబ్బులకూ తట్టుకునే గట్టితనాన్నీ సూచిస్తే, ఇంటెలిజెన్స్ తర్కాన్నీ జ్ఞాపకశక్తినీ, విజ్డమ్ పరిసరాలనూ ఎదుటివారి మనసునూ పసిగట్టే నేర్పునూ, కరిజ్మా నలుగురినీ తనవైపు తిప్పుకునే వ్యక్తిత్వ బలాన్నీ తెలుపుతాయి.

తొలి నియమాల ప్రకారం ఒక్కో అంకె కోసం ఆరు ముఖాల పాచికలు మూడింటిని వేసి, పడినవాటిని కూడేవారు. ఏ అంకె దేనికి చెందాలో ఎంచుకునే వీలు ఉండేది కాదు. కనుక ఆటగాడు ముందు అంకెలను చూసి, ఆ అంకెలున్న మనిషి ఎలాంటివాడో తరువాత ఊహించుకోవలసి వచ్చేది. 1979 నాటి నియమగ్రంథం నాలుగు పాచికలు వేసి తక్కువ పడినదాన్ని వదిలేసే పద్ధతినీ, అంకెలను ఇష్టమైన చోట అమర్చుకునే స్వేచ్ఛనూ ఇచ్చింది. ఇప్పుడైతే 15, 14, 13, 12, 10, 8 అనే సిద్ధమైన వరుసను తీసుకుని పంచుకోవడమూ మామూలే. దీనితో క్రమం తారుమారై, మనిషిని ముందు ఊహించుకుని అంకెలను అతనికి తగినట్టు సర్దడం మొదలైంది. ఆటగాళ్ల మధ్య సమానత్వం పెరిగిన మాట నిజమే గాని, తాను ఎన్నడూ కోరుకోని మనిషిగా నటించవలసి రావడంలోని వింత మాత్రం చాలావరకు పోయింది.

అంకెల అర్థం విషయంలో ఆటగాళ్లలో పాతుకుపోయిన పొరపాటు ఒకటుంది. ఇంటెలిజెన్స్ 8 ఉన్న పాత్రను నోట మాట సరిగా రాని వెర్రిబాగులవాడిగా నటించడం పరిపాటి. లెక్క దీన్ని సమర్థించదు. మూడు పాచికలు పడగల తీరులు 216. అందులో మొత్తం 8గాని అంతకు తక్కువగాని వచ్చేవి 56, అంటే నాలుగోవంతుకు పైమాటే. 18 వచ్చేది మాత్రం ఒక్క తీరులోనే. పైగా 2000లో వచ్చిన మూడో కూర్పు నుంచి 8 అంకెకు ఒకటి తగ్గింపు, 18కి నాలుగు చేర్పు చొప్పున ఇరవై ముఖాల పాచిక ఫలితానికి కలుపుతున్నారు కాబట్టి, ఈ రెంటి మధ్య తేడా ఆ పాచిక మీద అయిదు అంకెలు మాత్రమే. 8 అంటే సగటుకు ఒక మెట్టు కింద ఉన్న మామూలు మనిషి. చదువు అబ్బనివాడో, పేర్లు గుర్తుండనివాడో, లెక్కల్లో తడబడేవాడో కావచ్చు.

అసలు చిక్కు చివరి మూడు అంకెల దగ్గర వస్తుంది. పాత్ర బండరాయి ఎత్తాలంటే ఆటగాడిని కుర్చీలోంచి లేచి ఎత్తి చూపమని ఎవరూ అడగరు. పాత్ర కోట కాపలావాడిని ఒప్పించాలంటే మాత్రం ఆటగాడే ఒప్పించేలా మాట్లాడాలని చాలామంది డంజన్ మాస్టర్లు ఆశిస్తారు. ఫలితంగా మాటకారి అయిన ఆటగాడు కరిజ్మాకు 8 పెట్టి, మిగిలిన పెద్ద అంకెలను బలానికీ చురుకుకూ మళ్లించుకుని, రాయబారాలన్నీ తన నోటితోనే నెగ్గుకొస్తాడు. 18 పెట్టుకున్న బిడియస్తుడు నోరు తెరవలేక ఊరుకుంటాడు. 1974 నాటి ఆటలో కరిజ్మాకు ముఖ్యమైన పని ఎంతమంది అనుచరులు చేరతారో, వారు ఎంత విధేయంగా ఉంటారో తేల్చడమే కాబట్టి, అప్పట్లో ఈ ఇబ్బంది అంతగా పైకి రాలేదు. న్యాయమైన పరిష్కారం ఏమిటంటే, పాత్ర ఏం కోరుతోందో, ఏ దారిన సాధించాలనుకుంటోందో ఆటగాడు చెప్పాలి. అది ఫలించిందో లేదో అంకె, పాచిక కలిసి తేల్చాలి. ఆ తరువాతే సంభాషణను నటించాలి. ఫలితం ముందే తెలిస్తే బిడియస్తుడు నాలుగు ముక్కలతో సరిపెట్టుకోవచ్చు, మాటకారి తన పాత్ర నోరు జారిన తీరును రక్తి కట్టించవచ్చు. రంగస్థలం మీద మూర్ఖుడి వేషం కట్టడానికి తెలివైన నటుడే కావాలి.

స్వభావాన్నే అంకెలకు కట్టిన ఆటలూ ఉన్నాయి. ఆర్థర్ రాజు వీరుల కథల ఆధారంగా గ్రెగ్ స్టాఫర్డ్ రూపొందించిన ‘పెండ్రాగన్’ 1985లో వచ్చింది. ఇందులో ఔదార్యం–స్వార్థం, శౌర్యం–పిరికితనం వంటి 13 జంటలు ఉంటాయి. ఒక జంటలోని రెండు అంకెల మొత్తం ఎప్పుడూ 20 కనుక, ఒకటి పెరిగితే రెండోది తగ్గక తప్పదు. కీలక సమయంలో పాచిక పిరికితనం వైపు పడితే, ఆటగాడు ఎంత కోరుకున్నా ఆ వీరుడు వెనుదిరుగుతాడు. ఇది ఆటగాడి స్వేచ్ఛను హరిస్తుందనే ఆక్షేపణ కొట్టిపారేయదగినది కాదు. అయినా తమ వ్రతాలకూ వ్యామోహాలకూ లొంగి చెడిన వీరుల కథలకు ఇంతకన్నా తగిన యంత్రాంగం మరొకటి దొరకడం కష్టం.

కొత్తగా ఈ ఆటలు మొదలుపెట్టేవారు పాత్రకాగితం మీద అన్నిటికన్నా చిన్న అంకెను ముందుగా చూసి, అది ఆ మనిషిలో ఏ ఒక్క లోపంగా కనబడుతుందో తొలి ఆటకు ముందే నిర్ణయించుకుని, డంజన్ మాస్టర్‌కు చెప్పి ఉంచడం మంచిది.