ఫోన్ల దాకా రావాల్సిన మరమ్మతు

2015 జులైలో ఆండ్రాయిడ్ ఫోన్లలో స్టేజ్‌ఫ్రైట్ అనే పెద్ద లోపం బయటపడింది. వీడియోలను చదివే సాఫ్ట్‌వేర్ భాగంలో ఉందది. మన నంబరు తెలిసినవాడెవడైనా ఒక మాయదారి వీడియోను ఎంఎంఎస్‌గా పంపితే, కొన్ని ఫోన్లలో ఆ మెసేజ్ తెరవకముందే హాని జరగొచ్చు. లోపాన్ని కనిపెట్టిన జింపీరియం సంస్థ, దాదాపు 95 కోట్ల ఫోన్లకు ముప్పుందని అంచనా వేసింది.

సరిదిద్దే కోడ్ గూగుల్ దగ్గర అప్పటికే ఉంది. చిక్కంతా అది ఫోన్లకు చేరడంలోనే. చిప్ కంపెనీ దాన్ని తన చిప్‌కు సరిపెట్టాలి. ఫోన్ కంపెనీ తన మార్పులు కలిపి మోడల్ మోడల్‌కీ పరీక్షించాలి. కొన్ని దేశాల్లో నెట్‌వర్క్ కంపెనీ కూడా సరేననాలి. ఆ దెబ్బతో గూగుల్ 2015 ఆగస్టు నుంచి నెలనెలా భద్రతా అప్‌డేట్లు మొదలుపెట్టింది. ఆ ఆలస్యం తగ్గేందుకు 2017లో ఆండ్రాయిడ్ 8తో, చిప్‌కు సంబంధించిన సాఫ్ట్‌వేర్ భాగాన్ని మిగతా సిస్టమ్ నుంచి విడదీసింది.

త్వరగా వస్తే చాలదు, నమ్మకంగా పనిచేయాలి. 2014 సెప్టెంబరులో యాపిల్ ఇచ్చిన ఐఓఎస్ 8.0.1 అప్‌డేట్ వేసుకున్న కొందరి ఐఫోన్ 6లలో సిగ్నల్ పోయింది, వేలిముద్ర పనిచేయలేదు. యాపిల్ వెంటనే దాన్ని వెనక్కి తీసుకుంది. కానీ ఇలాంటిది ఒక్కసారి జరిగినా జనం అప్‌డేట్ అంటేనే జంకుతారు. నా దృష్టిలో అసలు నష్టం అదే.

ఆ భయానికి 2016లో ఆండ్రాయిడ్ 7తో వచ్చిన విరుగుడు ఎంతో తెలివైనది. అలా తయారైన ఫోన్లలో సిస్టమ్‌కు ‘ఎ’, ‘బి’ అని రెండు అరలు ఉంటాయి. ‘ఎ’ మీద ఫోన్ మామూలుగా నడుస్తుండగానే కొత్త సాఫ్ట్‌వేర్ ‘బి’లోకి చేరుతుంది. అది కంపెనీ పంపిందేనా అన్నది ఫోన్ డిజిటల్ సంతకం చూసి తేల్చుకుంటుంది. రీస్టార్ట్ చేస్తే ఫోన్ ‘బి’ నుంచి లేస్తుంది. కొన్నిసార్లు ప్రయత్నించినా లేవకపోతే, తనంతట తానే ‘ఎ’కి తిరిగొచ్చేస్తుంది. మధ్యలో ఛార్జింగ్ అయిపోయినా పాత సిస్టమ్ పదిలంగా ఉంటుంది.

కూరగాయల బండి దగ్గరా యూపీఐతోనే చెల్లిస్తున్నాం, బ్యాంకు ఓటీపీ వచ్చేదీ ఆ ఫోనుకే. అయినా కొట్లో కెమెరా గురించి అడిగినట్టు అప్‌డేట్ల గడువు గురించి అడగం. 2023 నాటి పిక్సెల్ 8కీ, 2024 నాటి గెలాక్సీ ఎస్24కీ ఏడేళ్ల హామీ ఉంది. చవక ఫోన్లకు సాధారణంగా అంత ఉండదు. పైగా ఆ గడువును మనం కొన్న రోజు నుంచి కాదు, మోడల్ మార్కెట్లోకి వచ్చిన నాటి నుంచి లెక్కేస్తారు. తగ్గింపు ధరకు దొరికే రెండేళ్ల కిందటి మోడల్‌కు ఆ రెండేళ్లూ అప్పుడే ఖర్చయిపోయి ఉంటాయి.