విషానికి బొగ్గు మందే, కాని పొయ్యిలో బొగ్గు కాదు

బేగంపేట: ఊళ్లో ఎవరైనా విషం మింగితే "పట్నం తీసుకుపోతే బతుకుతాడు" అని జీపు మాట్లాడుకుని, సికింద్రాబాదు మీదుగా బేగంపేట దాటి పంజగుట్ట నిమ్స్‌కు బయలుదేరేవారు జిల్లాల్లో ఉన్నారు. అయితే విషాన్ని పట్టుకోవడానికి డాక్టర్లు వాడే యాక్టివేటెడ్ చార్‌కోల్ అనే నల్లపొడి బాగా పనిచేసేది మొదటి గంటలోనే. ఆ గంట కాస్తా దారిలోనే గడిచిపోతోంది.

ఈ పొడి కుంపట్లో మిగిలే బొగ్గు కాదు. కొబ్బరిచిప్పలు, కట్టె వంటివి బొగ్గు చేసి, ఆపైన సుమారు 900 డిగ్రీల వేడిలో ఆవిరి పట్టిస్తారు. దాంతో కంటికి కనిపించని రంధ్రాలు పడతాయి. ఒక్క గ్రాము పొడిలోని ఆ రంధ్రాల గోడలన్నీ పరిస్తే వెయ్యి చదరపు మీటర్ల దాకా వస్తుంది. అంటే పది గుంటల నేల! కడుపులోని విషం రక్తంలో కలవకముందే ఈ గోడలకు అంటుకుని విరేచనంలో పోతుంది. పెద్దవారికి మామూలుగా 50 గ్రాములు నీళ్లలో కలిపి తాగిస్తారు కనుక, గ్యాస్ కోసం అమ్మే బొగ్గు బిళ్లలు ఒకటి రెండు మింగిస్తే ఒరిగేదేమీ లేదు.

అన్ని విషాలకూ ఇది పనికిరాదు. కిరోసిన్, యాసిడ్, సారా, పిల్లలు తెలియక మింగే ఐరన్ మాత్రలు దీనికి లొంగవు. పురుగుమందు సంగతీ అంతంతమాత్రమే. శ్రీలంకలో పురుగుమందు, పచ్చగన్నేరు గింజల వంటివి మింగిన 4,632 మందిపై జరిపిన పరిశోధన 2008లో వెలువడింది. బొగ్గు ఇచ్చినవారిలో మరణాలు తగ్గినట్లు అందులో తేలలేదు. మోనోక్రోటోఫాస్ జాతి మందులకు ఎట్రోపిన్ సూదులు, ఆక్సిజనే ఆధారం. అవి దగ్గరలోని ఆసుపత్రిలో ఎంత త్వరగా మొదలైతే అంత మేలు. పట్నం సంగతి తర్వాత చూసుకోవచ్చు.

ఇంట్లో పొడి కలిపి తాగించడం మాత్రం ప్రమాదం. మగతలో ఉన్న మనిషి నోట్లో పోస్తే అది ఊపిరితిత్తుల్లోకి దిగి ప్రాణం తీయవచ్చు. ఉప్పునీళ్లు, పేడనీళ్లు పోసి వాంతి చేయించినా అదే ముప్పు. ఆరోగ్యంగా ఉన్నవారు కూడా "కడుపు శుభ్రానికి" అని రోజూ బొగ్గు బిళ్లలు వేసుకుంటే, గుండెజబ్బు మాత్రలనూ కుటుంబ నియంత్రణ మాత్రలనూ అది పీల్చేసుకుంటుంది. మందు వేసుకున్నామన్న పేరే మిగులుతుంది.

108కు ఫోన్ చేసినప్పుడు ఏ మందు, ఎంత, ఎన్నింటికి అన్నది చెప్పాలి. చీటీ చిరిగిన డబ్బా అయినా పారేయకుండా వెంట తీసుకుపోవాలి. వాసనను బట్టి కూడా డాక్టర్లు కొంత పోల్చుకోగలరు.