బరువుబండికి టైరుల యెన్నిక



ముప్పది యేండ్లు బడిలో శబ్దమంజరియు, ఛందస్సును చెప్పిన ముసలివానికి మోటారు టైరులతో నేమి పని యని మీలో కొందఱు నవ్వుకొనవచ్చును. నాకును చాలకాలము వఱకు ఆ పని లేదు. 2023వ సంవత్సరపు వేసవిలో మా మనుమడు మిరపకాయల టిక్కీలు వేసికొని గుంటూరు యార్డునకు పోవుచుండగా, త్రోవలో వెనుక టైరు పగిలి బండి ప్రక్కకు ఒరిగినది. వాని కుడిచేయి విఱిగెను. దైవకృపచే ప్రాణమున కపాయము లేకపోయినది. అయితే ఆ టైరు కొని నాలుగు నెలలైనను కాలేదు. దానిపై చాళ్ళు ఇంకను క్రొత్తవిగనే యున్నవి. క్రొత్త టైరు ఎట్లు పగిలెను? ఈ ప్రశ్న నన్ను విడువలేదు. టైరు ప్రక్కగోడపై నుబ్బెత్తుగా నచ్చువేసియున్న అక్షరములను, అంకెలను ఒక కాగితముపై వ్రాసికొని, ఆస్పత్రిలో వాని మంచము ప్రక్కన కూర్చుండి ఒక్కొక్కదాని యర్థము తెలిసికొన మొదలుపెట్టితిని. అట్లు తెలిసికొన్నదానిని నేడు మీకు విన్నవించుచున్నాను.

మన పల్లెలలో ఎడ్లబండ్లు దాదాపు పోయినవి. వెనుక తొట్టి గల చిన్న బరువుబండ్లు, మన కుఱ్ఱవాండ్రు పికప్పులని పిలుచునవి, వాని స్థానమున నిలిచినవి. బండి తోలువారు పిల్లలే యైనను, టైరులకు సొమ్ము తీసి యిచ్చువారు పెక్కిండ్లలో పెద్దలే గదా. కావున ఈ మాటలు మీ చెవిని వేయుట యుచితమని తలచితిని.

బండిచక్రపు టంచునకు అమరకోశమున నేమి యనియు, ప్రధి యనియు పేళ్ళు కలవు. మన చిన్ననాట ఆ అంచునకు ఇనుప పట్టాను నిప్పులలో కాల్చి తొడిగి, పైన నీళ్ళు గ్రుమ్మరించి బిగించెడివారు. పట్టా సన్ననిది గనుక రేగడిలో దిగబడెడిది. లాగలేక యెడ్లు మోకాళ్ళపై పడుట మన మందఱమును చూచినదే. గాలిటైరు వచ్చి ఆ బాధను తగ్గించినది. 1845లోనే థామ్సన్ అను స్కాట్లండు దేశీయుడు గాలిటైరునకు పేటెంటు పొందెను గాని, అది వాడుకలో నిలువలేదు. 1888లో బెల్‌ఫాస్టు నగరమున డన్లప్ అను పశువైద్యుడు తన కుమారుని మూడుచక్రముల బండికై గాలి నింపిన రబ్బరు గొట్టము నమర్చి, దానికి పేటెంటు పొంది, లోకమున వ్యాపింపజేసెను. ఇక్కడ గ్రహింపవలసిన దొకటి కలదు. బరువును ముఖ్యముగా మోయునది రబ్బరు కాదు, లోపలి గాలి. రబ్బరును, దానిలోని దారపు పొరలును, ఉక్కుతీగెలును ఆ గాలిని పట్టియుంచు సంచి వంటివి. ఈ మాటతో మనకు ముందు పని పడును.

ఇక మావాడు కొన్నది ఆల్ టెరైన్ అను జాతి టైరు. అన్ని విధముల నేలలకును పనికివచ్చునది యని ఆ పేరున కర్థము. టైరు నేలను తాకుచోట పొలములో వలె చాళ్ళును, చాళ్ళ నడుమ దిమ్మలును ఉండును. తారురోడ్డు కొఱకు చేసిన టైరునకు చాళ్ళు సన్ననివి, నిడుపుగా సాగియుండును. నేలను తాకు రబ్బరు ఎక్కువ గనుక తారుపై పట్టు బాగుండును, చప్పుడు తక్కువ. బురదకై చేసిన టైరునకు దిమ్మలు పెద్దవి, వాని నడుమ బొటనవ్రేలు దూరునంత సందులు. ఆల్ టెరైన్ ఈ రెంటికిని నడిమిది. కంకర బాటకు, మొరము బాటకు, రాళ్ళు తేలిన పుంతకు ఇది మిక్కిలి యనుకూలము. దిమ్మల అంచులు రాళ్ళను పట్టుకొనును. దిమ్మలు లోతైనవి గనుక రాతిమొనలు లోపలి పొరలదాక పోవుట తక్కువ.

కాని మన నల్లరేగడి సంగతి వేఱు. వాన వెలిసిన మఱునాడు పత్తిచేలో నడచినవాని చెప్పు ఎట్లుండునో మీకు చెప్పనక్కఱలేదు. పది అడుగులు వేయునప్పటికి ఒక్కొక్క చెప్పునకు రెండేసి వీసెల మన్ను. టైరునకు నదే గతి. చాళ్ళలో జిగురుమన్ను నిండిన పిమ్మట, అది ఆల్ టెరైన్ అయినను, అరిగి గుండైన టైరు అయినను ఒక్కటే. బురదటైరు సందులు వెడల్పైనవి గనుక చక్రము తిరుగు వడికి కొంత మన్నును విసరివేయగలదు. నడిమిజాతి టైరున కా శక్తి తక్కువ. కావున రేగడిలో దిగబడకుండుటకై ఆల్ టెరైన్ కొనువారు సగము ఆశాభంగమునకు సిద్ధపడి కొనవలయును. ఈ టైరులలో కొన్నిటిపై ‘ఎం ప్లస్ ఎస్’ అను గుర్తుండును. బురదకును, మంచునకును తగినదని దాని భావము. చాళ్ళ సందుల పరిమాణమును బట్టి తయారుచేయువారు తామే వేసికొను గుర్తది. పరీక్షలో నెగ్గిన దనుటకు సాక్ష్యము కాదు. మూడు శిఖరముల నడుమ మంచురేకు బొమ్మ యున్నచో అది మంచుపై పరీక్షింపబడిన టైరు. పలనాటి వేసవిలో దానితో మనకు ప్రయోజనము లేదు.

నేలను గూర్చి యింతవఱకు చాలును. మావాని చేయి విఱుగుటకు నేల కారణము కాదు. ఆనాడు బండి యున్నది చదునైన తారురోడ్డుపైన.

టైరు అమ్మిన యంగడివాడు వానితో చెప్పిన లెక్క యిది: “టైరు ఒక్కటికి 800 కిలోలు. నాలుగింటికి 3,200. బండి, సరుకు కలిసి అంతకు మించవు. భయమేమి?” మావాడు బి.కాం. చదివినవాడు. గుణకారము సరిగానే యున్నదని సమాధానపడెను. నేను కాగితము తీసి చూచితిని. టైరుపై 215/75 R15 100S అని యున్నది. 215 అనగా టైరు వెడల్పు మిల్లీమీటరులలో. 75 అనగా ప్రక్కగోడ యెత్తు ఆ వెడల్పులో నూటికి 75 వంతులు. R అనగా రేడియల్ నిర్మాణము. 15 అనగా లోపలి ఇనుపచక్రపు వ్యాసము, అంగుళములలో. చివరి S వేగమునకు గుర్తు. గంటకు 180 కిలోమీటరులు. మన బరువుబండికి అంత వేగముతో పని లేదు. మనకు పనిగలది ఆ 100. ఇది కిలోలు కాదు, ఒక సంకేతము. దేశదేశములను ఒకే పట్టిక నడచుచున్నది. అందు 100 అనగా 800 కిలోలు, 104 అనగా 900, 110 అనగా 1,060, 112 అనగా 1,120, 121 అనగా 1,450.

అంగడివాని గుణకారమున తప్పు లేదు. తప్పు ఊహలో నున్నది. బరువు నాలుగు చక్రములపై సమముగా పడునని వాని యూహ. మన బండిలో తొట్టి యెక్కడ నున్నది? వెనుక. సరుకు వేసినకొలది ఆ బరువులో నధికభాగము వెనుక యిరుసునకే పోవును. దీనిని తెలిసికొనుటకు సులభమైన యుపాయ మొకటి కలదు. యార్డులో కాటా మీదికి ముందు బండి నంతను ఎక్కించి తూకము తీయించవలయును. తరువాత ముందు చక్రములు కాటా దాటునట్లు నడిపి, వెనుక చక్రములు మాత్రమే పైన నుండగా మఱల తూయించవలయును. మావాని బండిని బాగుచేయించిన పిమ్మట అంతే సరుకు వేయించి నేనే దగ్గఱ నిలిచి తూయించితిని. మొత్తము 3,180 కిలోలు. వెనుక చక్రములపై 2,060. అనగా వెనుక టైరు ఒక్కొక్కదానిపై 1,030 కిలోలు. 800 మోయగల వానిపై 1,030! ముందు టైరులు మాత్రము ఒక్కొక్కటి 560 కిలోలతో సుఖముగా నుండెను.

ఇంకొక చిక్కు. ఆ 800 కిలోలైనను, తగినంత గాలి యున్నప్పుడే. ఆ టైరు జీపులకును, కార్లకును చేసినది. అది పట్టగల హెచ్చు గాలి యెంతో ప్రక్కగోడపైననే వ్రాసియుండును. మా బండి తలుపు ప్రక్క నంటించిన చీటిలో, నిండు బరువునకు వెనుక చక్రములలో ఉండవలసినదిగా వ్రాసిన గాలి అంతకంటె చాల హెచ్చు. అంత గాలి ఆ టైరులో కొట్టరాదు. కొట్టనిచో బరువు మోయలేదు. గాలి చాలని టైరు నేలను తాకినపుడెల్ల ప్రక్కగోడ వంగి లేచుచుండును. ఇనుపతీగెను అటు నిటు పదిసార్లు వంచి చూడుడు. వంగినచోట చేయి కాలును, తరువాత విఱుగును. టైరులోను అట్లే వేడి పుట్టి, రబ్బరును పొరలును ఒకదాని నొకటి విడుచును. దీనికి ఏప్రిలు నెల మధ్యాహ్నపు తారురోడ్డు తోడైనది. పైనున్న చాళ్ళు క్రొత్తవిగా నుండుటచే లోపలి నాశనము మా కెవ్వరికిని కనబడలేదు.

అప్పుడు తెలిసినది నాకు: ఆల్ టెరైన్ అనునది చాళ్ళకు పెట్టిన పేరే గాని, బలమునకు పెట్టిన పేరు కాదు. ఒకే పేరుతో, ఒకే చాళ్ళతో, చూపునకు అన్నదమ్ములవలె నుండు రెండు టైరులు దొరకును. ఒకటి జీపుది, రెండవది చిన్న లారీలది. రెండవదానిపై చాలచోట్ల ‘ఎల్.టి.’ అను రెండక్షరములుండును. బరువు సంకేతము 112/110 అని జంటగా నుండును. అందు మొదటిది ఒంటిచక్రమునకు, రెండవది వెనుక జంటచక్రములు గల బండికి. మన దేశమున టైరుపై ఐ.ఎస్.ఐ. ముద్ర తప్పక యుండవలయును. ఆ ముద్రతోడి సంఖ్య 15633 అయినచో కారుల జాతి, 15636 అయినచో సరుకుబండ్ల జాతి. కన్ను కొంచెము మందగించినవారు మనుమని చేత చదివించుకొనవచ్చును గాని, చదివించకుండ సొమ్ము ఇయ్యరాదు.

బండితోడ వచ్చిన పాత టైరులపై నున్న బరువు సంకేతమునకు తగ్గరాదు, హెచ్చినను దోషము లేదు. మా పాత టైరు ఇంకను దొడ్డిలో నుండెను. చూడగా దానిపై 100 కంటె చాల పెద్ద యంకెయే యున్నది. మొదటనే చూచియున్నచో!

కొలతను మార్చుట కూడ కుఱ్ఱవాండ్రకు ముచ్చట. బండి యెత్తుగా కనబడునని 215కు బదులు 235 వేయింతురు. చిన్న లెక్క చూడుడు. 215/75 R15 టైరు వ్యాసము సుమారు 703 మిల్లీమీటరులు. 235/75 R15 టైరునకు సుమారు 733. నూటికి నాలుగు వంతులు హెచ్చు. మీటరు 60 చూపునప్పుడు బండి 62 దాటి పోవుచుండును. ఏటవాలున బరువు లాగుట కొంత తగ్గును. చక్రము పూర్తిగా త్రిప్పినపుడు రేకును రాచుకొనవచ్చును. ఇంత తెచ్చుకొనుట యెందులకు?

వయస్సు మాట మఱచితిని. ప్రక్కగోడపై నొకచోట నాలుగంకెలు వేఱుగా నుండును. 2319 అని యున్నచో 2019వ సంవత్సరపు 23వ వారమున తయారైన దని యర్థము. వాడకున్నను రబ్బరు ముసలిదగును. తగ్గింపు ధర యని పిలిచి యిచ్చు టైరుపై ఈ యంకెలను మొదట చూడవలయును. అరుగుదలకును గుర్తున్నది. చాళ్ళ యడుగున అక్కడక్కడ చిన్న గట్లుండును. దిమ్మలు అరిగి ఆ గట్లతో సమమైనపుడు లోతు 1.6 మిల్లీమీటరులు మిగిలినట్లు. మన మోటారు చట్టపు నియమములు కూడ నాలుగుచక్రముల బండికి అంతకు తక్కువ పనికిరాదనుచున్నవి. వానకారున ఆ హద్దు వచ్చువఱకు ఆగుట నాకు సమ్మతము కాదు.

మరల టైరులు కొనుటకు నేను వెంట పోయితిని. వేఱొక యంగడి. ఆతడు గరుకైన దిమ్మల టైరును దొర్లించి తెచ్చి, “మాస్టారూ, దీని పట్టు చూడండి” అనెను. “నాయనా, పట్టు తరువాత చూతము. దీనిమీద 112 గాని అంతకు హెచ్చు గాని యెక్కడ నున్నదో చూపుము” అంటిని. ఆతడు వంగి వెదకి, ఆ టైరును మాఱు మాటాడక లోనికి దొర్లించుకొని పోయెను. తుదకు ఎల్.టి. జాతిలో, మిక్కిలి గరుకు గాని, మిక్కిలి నునుపు గాని కాని దిమ్మలు గలవి నాలుగును, వానికి సరిజోడైన స్టెప్నీ యొకటియు కొంటిమి. మా బండి పది పర్యాయములు కదలిన తొమ్మిది తారుపైననే. దినమును క్వారీ బాటలలోనో, కొండ పుంతలలోనో తిరుగువా రయినచో ఇంకను గరుకైన ఆల్ టెరైన్ తీసికొనుట న్యాయమే. బలమున్న జాతిలో తీసికొన్న చాలును. వానలో పత్తిచేనునుండి గట్టుదాక సరుకును ట్రాక్టరు తెచ్చును.

మావాని చేయి అతికినది. ఇప్పుడు సోమవారము సోమవారము తెల్లవాఱి, బండి కదలకముందు టైరులు చల్లగా నున్నపుడే, గాలి కొలుచు గడియారము తీసి అయిదు చక్రములను కొలుచును. మొదటి వారము నాలుగే కొలిచెను. స్టెప్నీని నేను కొలిపించితిని. అందులో ఉండవలసిన గాలిలో సగమే యున్నది.