బ్రిటిష్ ఫ్లింట్‌లాక్ పిస్తోళ్లు: గుర్తింపు, విలువ నిర్ణయం – ఒక పరిశీలన

ఉపోద్ఘాతం

తాళపత్ర ప్రతి చివర లేఖకుడు రాసిన తేదీని మాత్రమే ఆధారంగా తీసుకొని ఆ ప్రతి కాలాన్ని నిర్ణయించలేం. లిపి, ఆకుల స్థితి, పాఠం ఆ తేదీని బలపరుస్తున్నాయా అని పరిశీలిస్తాం. ప్రాచీన ఆయుధాలకూ ఇదే పద్ధతి వర్తిస్తుంది. ‘టవర్’ అని చెక్కిన పిస్తోలు లండన్ టవర్‌లోనే తయారైందని, ‘క్వీన్ ఆన్’ పిస్తోలు ఆ రాణి కాలానిదేనని భావించడం తరచుగా కనిపించే పొరపాటు. ఇటువంటి పొరపాటు ధరతో ఆగదు. సంగ్రహాలయ పట్టికలోకి, అక్కడి నుండి చరిత్ర రచనలోకి ప్రవేశిస్తుంది. పిస్తోలుపై ఉన్న ఆధారాలు దేనిని నిరూపిస్తాయో, దేనిని నిరూపించవో వివరించడం ఈ వ్యాస ఉద్దేశం.

1. నిర్మాణం – కాలపరిధి

సుత్తి దవడల మధ్య బిగించిన చెకుముకి రాయి ఉక్కు పలకను తాకగానే నిప్పురవ్వలు పుట్టి, కింది చిన్న పళ్లెంలోని రంజకాన్ని అంటిస్తాయి. ఆ మంట గొట్టం పక్కనున్న సన్నని రంధ్రం గుండా లోపలి తుపాకిమందును చేరుతుంది. ఈ విధానం 17వ శతాబ్దం నుండి 19వ శతాబ్దం తొలి దశాబ్దాల వరకు ప్రధానంగా కొనసాగింది. 1807లో అలెగ్జాండర్ ఫోర్సిత్ పేటెంటు పొందిన, దెబ్బ తగిలితే మండే రసాయనపు పద్ధతి నుండి వికసించిన విధానాలు క్రమంగా దీని స్థానాన్ని ఆక్రమించాయి.

2. పరీక్షా ముద్రలు

1637లో రాజపత్రం పొందిన లండన్ తుపాకి తయారీదారుల సంఘం గొట్టాలను అధిక మందుతో పేల్చి పరీక్షించి, కిరీటం కింద ‘జి.పి.’, ‘వి’ అక్షరాల ముద్రలను వేసేది. బర్మింగ్‌హామ్‌లో అధికారిక పరీక్షాశాల 1813 నాటి చట్టంతో ఏర్పడింది. కనుక దాని ముద్ర ఉన్న గొట్టం అంతకుముందు పరీక్షింపబడినది కాదు. అయితే ముద్ర గొట్టాన్ని పరీక్షించిన చోటును తెలుపుతుందే తప్ప, పిస్తోలు మొత్తం తయారైన చోటును కాదు. అండాకార వలయంలో ‘ఈ.ఎల్.జి.’ అని ఉంటే ఆ గొట్టం బెల్జియంలోని లియేజ్‌లో పరీక్షింపబడినదని గ్రహించాలి.

3. సైనిక, పౌర పిస్తోళ్లు

సైనిక పిస్తోలు యంత్రపు పలకపై కిరీటం, ‘జి.ఆర్.’ అక్షరాలు, ‘టవర్’ అనే పదం కనిపిస్తాయి. 1714–1830 మధ్య నలుగురు జార్జి రాజులు వరుసగా పాలించినందున ‘జి.ఆర్.’ ఒక్కటే కాలాన్ని నిర్ధారించదు. 1764కు పూర్వం పలకపై తయారీదారు పేరు, సంవత్సరం చెక్కేవారు. ఆ తరువాత వాటిని తొలగించి ‘టవర్’ను మాత్రమే ఉంచారు. విడిభాగాలు ఎక్కువగా బర్మింగ్‌హామ్ గుత్తేదారుల నుండి వచ్చేవి. కనుక ‘టవర్’ అనేది ప్రభుత్వ ఆయుధ వ్యవస్థకు గుర్తుగానే గ్రాహ్యం. ఈస్టిండియా కంపెనీ ఆయుధాలపై మొదట హృదయాకార చిహ్నం, 19వ శతాబ్దారంభం నుండి నిలువెత్తు సింహం ముద్ర కనిపిస్తాయి. నడుముపట్టీకి తగిలించే కొక్కెం నౌకాదళ పిస్తోలుకు ముఖ్య లక్షణం.

పౌర పిస్తోళ్లలో గొట్టాన్ని మరలా తిప్పి విప్పి, వెనుక నుండి మందు, గుండు నింపే రకాన్ని ‘క్వీన్ ఆన్’ అంటారు. రాణి పాలన 1702–1714. ఈ రకం తయారీ ఆ తరువాత కూడా దశాబ్దాలపాటు సాగింది. ద్వంద్వయుద్ధ పిస్తోళ్లలో రాబర్ట్ వాగ్డన్, జోసెఫ్ మాంటన్, డర్స్ ఎగ్ పేర్లు ప్రసిద్ధం. ప్రసిద్ధి ఉన్నచోటే కల్పిత సంతకాలూ ఉంటాయి. కాబట్టి పేరుకంటే పనితనాన్ని ముందుగా పరిశీలించాలి. వెండి అలంకరణలపై ఉండే తేదీ అక్షరం విలువైన ఆధారమే కాని, అది ఆ వెండి భాగానికే వర్తిస్తుంది.

4. మార్పులు, నకళ్లు

చాలా పిస్తోళ్లను 19వ శతాబ్దంలో కొత్త విధానానికి మార్చారు. తరువాతి కాలంలో కొన్నింటిని మళ్లీ చెకుముకి విధానంలోకి తెచ్చారు. పలకపై పూడ్చిన రంధ్రాలు, రంజకపు రంధ్రం చుట్టూ కొత్త లోహం, మిగిలిన భాగాలతో పొసగని సుత్తి ఇందుకు సూచనలు. ‘టవర్’ ముద్రతో ఆధునిక నకళ్లు భారతదేశంలోనూ తయారవుతున్నాయి. అరుగుదల చేతి స్పర్శ తగిలే చోట కాక అంతటా ఒకే తీరున ఉంటే అనుమానించాలి.

5. విలువ నిర్ణయం

అసలుదనం, తయారీదారు, స్థితి, సంపూర్ణత, యాజమాన్య చరిత్ర అనే అయిదు అంశాలు విలువను నిర్ణయిస్తాయి. జంటగా, సొంత పెట్టెతో, పరికరాలతో నిలిచినవి ఒంటరి పిస్తోలుకంటే మిన్న. యాజమాన్య చరిత్ర బలానికి బ్రిటిష్ తయారీ కాని ఒక ఉదాహరణ ఉంది. లఫాయెత్ జార్జి వాషింగ్టన్‌కు ఇచ్చిన పిస్తోళ్ల జంట 2002లో క్రిస్టీస్ వేలంలో దాదాపు 20 లక్షల డాలర్లు పలికింది. ఆ ధరలో పనితనంతోపాటు, పత్రాలు బలపరచిన చరిత్రకూ పెద్ద వాటా ఉంది. పోలిక కోసం అమ్మకందారు చెప్పే ధరను కాక, అదే రకం, అదే స్థితి గల పిస్తోలు వేలంలో నిజంగా పలికిన ధరను తీసుకోవాలి. అందులో వేలం సంస్థ రుసుము కలిసి ఉందో లేదో చూడాలి.

ముగింపు

గొట్టం, యంత్రం, కర్రభాగం, అలంకరణలు అనే నాలుగు సాక్ష్యాలు ఒకే కాలాన్ని చెప్పినప్పుడే గుర్తింపు నిలుస్తుంది. ఒకటి విభేదిస్తే ఆ భేదాన్ని దాచక నమోదు చేయాలి. తుప్పు తొలగించాలన్న ఉత్సాహంతో మెరుగుపెడితే ముద్రల అంచులు, పాత వన్నె శాశ్వతంగా పోతాయి. పరిష్కర్త తన ఊహకు అనుగుణంగా మూలప్రతిని దిద్దడం ఎంత దోషమో ఇదీ అంతే. ముందు వర్ణన, తరువాత గుర్తింపు, చివరగా మాత్రమే ధర అనే క్రమాన్ని పాటించడం శాస్త్రీయం.